రాజీనామా రాయకు తమ్మీ

పొద్దున ఎనిమిదిన్నర. జగిత్యాల కొత్త బస్టాండు దగ్గర టీ కొట్టు. మన రెప్ బండికి స్టాండు వేసి ఒక చేత్తో గ్లాసు, ఇంకో చేత్తో ఫోను పట్టుకున్నాడు. ఇన్‌షర్టు, పాలిష్ పెట్టిన బూట్లు, భుజాన బరువైన నల్ల బ్యాగు. పేరుతో పని లేదు. కరీంనగర్ హెడ్‌క్వార్టర్‌గా జగిత్యాల, ధర్మపురి, కోరుట్ల, మెట్‌పల్లి తిరిగే మెడికల్ రిప్రజెంటేటివ్‌లలో ఎవరైనా కావచ్చు. మీరు వెనక సీటు ఎక్కండి. ఇవ్వాళ ధర్మపురి రూటు.

టీ తాగుతూనే యాప్‌లో 'డే స్టార్ట్' నొక్కాడు. ఇక సాయంత్రం దాకా అతను ఎక్కడ ఆగాడో, ఎంతసేపు ఆగాడో ముంబై ఆఫీసులో తెలుస్తూనే ఉంటుంది. క్లినిక్ గడప దగ్గర నిలబడి నొక్కితేనే డాక్టరును కలిసినట్టు లెక్క. దూరంనుంచి నొక్కితే యాప్ ఒప్పుకోదు. ఒకప్పటి రెప్‌లు రాత్రి లాడ్జి గదిలో కూర్చుని, కార్బన్ కాగితం పెట్టి డైలీ రిపోర్టు రాసి పోస్టు చేసేవాళ్లు. ఇప్పుడు మనిషి ఇల్లు చేరకముందే రిపోర్టు చేరిపోతుంది.

ఫిబ్రవరి ఆఖరి వారం. ఈ పనిలో ఫిబ్రవరి అంటే అందరికీ బెరుకే. నెలకు 28 రోజులు, టార్గెట్ మాత్రం 31 రోజులది. నిన్న రాత్రి వాట్సాప్ గ్రూపులో మేనేజర్ ఒక పట్టిక పెట్టాడు. పచ్చ రంగులో కొన్ని పేర్లు, ఎర్ర రంగులో కొన్ని. మనవాడిది ఎరుపు. నెల టార్గెట్ 4 లక్షలు, ఇప్పటిదాకా అయింది 2 లక్షల 70 వేలు. రెండు రోజుల్లో మిగతాది రాదని అతనికి తెలుసు, మేనేజర్‌కూ తెలుసు. అయినా కింద "టుడే ప్లాన్?" అని మెసేజ్ ఉంది. "ధర్మపురి సార్, పది డాక్టర్ కాల్స్, మీతో జాయింట్ వర్క్" అని జవాబిచ్చి బండి తీశాడు.

ఊరు దాటగానే 63వ నంబరు జాతీయ రహదారి. ఒకపక్క యాసంగి వరి, ఇంకోపక్క పూతమీదున్న మామిడి తోటలు. ముప్పై కిలోమీటర్ల లోపే ప్రయాణం. బండి మీద వెనక్కి తిరగకుండానే చెబుతాడు: "డిగ్రీ బీఎస్సీ అన్నా. గ్రూప్ ఫోర్ రాసిన, పోలీసు రాసిన. మధ్యల ఊకె ఉండుడెందుకని ఇండ్ల జేరిన. ఆరేండ్లయింది." ఈ జిల్లాల్లో రెప్‌లను కదిలిస్తే ఈ మాటే ఎక్కువగా వినబడుతుంది. కావాలని వచ్చినవాళ్ల కన్నా ఇంకో ఉద్యోగం వచ్చేదాకా అని వచ్చి ఉండిపోయినవాళ్లే ఎక్కువ.

ధర్మపురి పొలిమేరలోనే బారికేడ్లు. లక్ష్మీనరసింహస్వామి బ్రహ్మోత్సవాల రోజులు. బస్సుల్లోంచి దిగిన జనం మూటలతో గోదావరి వైపు నడుస్తున్నారు. అక్కడ నది దక్షిణానికి మళ్లుతుంది కాబట్టి ఆ స్నానానికి పుణ్యం ఎక్కువని నమ్మకం. గుళ్లో యమధర్మరాజుకూ చోటుంది. ధర్మపురికి వస్తే యమపురి ఉండదని ఈ పక్క సామెత. "గా మాట నిజమైతే మన మందులెవ్వరు కొంటరన్నా" అని నవ్వి, బండిని సందులోకి తిప్పాడు.

మొదట సర్కారు దవాఖాన వస్తుంది. అతను ఆగడు. అక్కడికి మందులు రాష్ట్ర వైద్య సేవల సంస్థ కొని పంపిస్తుంది, రెప్‌కు అమ్మేదేమీ లేదు. కేంద్ర ప్రభుత్వ ఆసుపత్రుల్లోకి రెప్‌లను రానివ్వొద్దని 2025లో ఢిల్లీనుంచి ఉత్తర్వులే వచ్చాయి. అయితే ఈ వృత్తికి కొత్త బలం కూడా సర్కారు వైపునుంచే వచ్చింది. 2022 నవంబరులో రాష్ట్రంలో ఒకేరోజు 8 ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి. వాటిలో జగిత్యాల, మంచిర్యాల, రామగుండం మూడూ ఈ చుట్టుపక్కలవే. కాలేజీ వస్తే స్పెషలిస్టులు వస్తారు. వాళ్లలో కొందరు సాయంత్రం పూట సొంత క్లినిక్‌లో కూర్చుంటారు. గుండెకు, షుగరుకు, పిల్లలకు, చర్మానికి వేరువేరు డాక్టర్లు ఉన్నచోట కంపెనీలకు వేరువేరు డివిజన్లు కావాలి, డివిజన్‌కొక రెప్ కావాలి. పని తగ్గడం లేదు. ఆ సంగతి గుర్తుపెట్టుకోండి, సాయంత్రానికి పనికొస్తుంది.

క్లినిక్ వరండా. గోడవారగా బెంచీలు. బీడీలు చుట్టే అవ్వ ఒకామె దగ్గుతూ చీటీ పట్టుకుంది. దుబాయినుంచి వచ్చినాయన షుగరు ఫైలు ఒళ్లో పెట్టుకున్నాడు. మెట్ల కింద, చెప్పులు విడిచేచోట, నల్ల బ్యాగులవాళ్లు అప్పటికే నలుగురు. "సార్ లోపట్నే ఉన్నడు. పేషెంట్లు ఒడిశినంక పిలుస్త" అన్నాడు కాంపౌండరు. గంట గడిచింది. ఒకే మందు అమ్మే పోటీ కంపెనీలవాళ్లు ఆ మెట్ల దగ్గర ఒకరి మజ్జిగ ఒకరు తాగుతారు, ఎక్కడ ఖాళీ ఉందో ఒకరికొకరు చెప్పుకుంటారు. మనవాడికి ఈ ఉద్యోగం దొరికింది కూడా అలా ఒక మెట్టు మీదే.

పిలుపు వచ్చింది. లోపల గట్టిగా నలభై సెకన్లు. ట్యాబ్ తెరిచి, బొమ్మ మీద వేలు పెట్టి, "గుడ్మాణింగ్ సార్, ఎంపాగ్లిఫ్లోజిన్ 10, 25 ఎంజీ" అని మొదలుపెట్టాడో లేదో డాక్టరు తలెత్తి, "ఈ మందు చెప్పవట్టినోళ్లల్ల ఏడో కంపెనీవి నువ్వు" అన్నాడు. మనవాడు తడుముకోలేదు. "ధరల మనదే తక్కువ సార్, జగిత్యాల స్టాకిస్టు దగ్గర స్టాకుంది, రేపు పొద్దుగాల షాపుల ఉంటది." డాక్టరు నవ్వాడు. "సరే, చూస్త." అంతే, కాల్ అయిపోయింది.

ఏడో కంపెనీ ఎందుకైందో చూడండి. షుగరు మందు ఎంపాగ్లిఫ్లోజిన్ పేటెంటు మన దేశంలో 2025 మార్చిలో ముగిసింది. 60 రూపాయల దాకా ఉన్న మాత్ర 10 రూపాయల చుట్టుపక్కలకు దిగింది. రోగికి అది పండగే. రెప్ లెక్క మాత్రం తారుమారు. ధర ఆరో వంతుకు పడితే, అదే రూపాయల టార్గెట్ అందుకోవడానికి ఆరు రెట్ల చీటీలు రాయించాలి, అదీ ఒకేసారి బజారులోకి దిగిన పోటీ కంపెనీలను తట్టుకుని. కొత్త మందు వచ్చిన ఏడాది రెప్‌లను గుంపుగా తీసుకుంటారు, బజారు సర్దుకున్నాక గుంపును పల్చన చేస్తారు. 2026 మార్చిలో ఇంకో షుగరు మందు సెమాగ్లూటైడ్ వంతు.

బయటికి వస్తుంటే కాంపౌండరు, "ఈయేడు గిఫ్టన్న ఇయ్యరాయె మీ కంపెనోళ్లు" అని దెప్పాడు. 2024 మార్చి 12న కేంద్రం తెచ్చిన మార్కెటింగ్ నియమావళి ప్రకారం డాక్టరు సొంతానికి బహుమతి ఇవ్వకూడదు, టూర్లకు పంపకూడదు. శాంపిళ్ల విలువ కంపెనీ దేశీయ అమ్మకాల్లో ఏడాదికి 2 శాతం దాటకూడదు. అంతకు రెండేళ్ల ముందే, 2022 ఫిబ్రవరిలో, డాక్టర్లకిచ్చే తాయిలాలను ఖర్చుగా చూపి పన్ను మినహాయింపు అడగొద్దని సుప్రీంకోర్టు అపెక్స్ లేబొరేటరీస్ కేసులో తేల్చింది. మంచిదే. కానుకలు పోతే మిగిలేది రెప్ నోట్లో మాట, బుర్రలో చదువు. ఆ నలభై సెకన్లలో మందు గురించి సరిగ్గా చెప్పగలిగినవాడికి విలువ పెరగాలి. ఎర్ర రంగు పట్టికలో మాత్రం దానికి గడి లేదు.

పక్కనే మెడికల్ షాపు. ఇక్కడ మనవాడు రెండు పనులు చేస్తాడు. ఏ డాక్టరు ఏ బ్రాండు రాస్తున్నాడో కౌంటరు దగ్గర కనుక్కోవడం ఒకటి, ఆర్డరు తీసుకోవడం ఇంకొకటి. షాపాయన మొదట అట్టడబ్బా ఒకటి బల్లమీద బోర్లించాడు. స్ట్రిప్పులు జలజలా పడ్డాయి.

"గివి పోయినేడు మీవోళ్లే పెట్టిపోయిండ్రు. ఒక్కటి కదల్లే. రెండు నెలలల్ల ఎక్స్‌పైరీ. ముందు గివి తీస్కపో, గప్పుడు కొత్త ఆర్డరు మాట్లాడుదం."

"అన్నా, క్లోజింగ్ నెల. ఒక్క యాభై స్ట్రిప్పులు…"

"క్లోజింగ్ నీకు తమ్మీ. నాకు కాదు."

ఈ ఉద్యోగం గట్టితనం ఎంతో ఆ డబ్బాలో ఉంది. కంపెనీ స్టాకిస్టుకు వేసిన బిల్లు ప్రైమరీ. స్టాకిస్టునుంచి షాపులకు వెళ్లింది సెకండరీ. రోగి కొన్నదే అసలు అమ్మకం. నెలాఖరుకు ప్రైమరీ తగ్గితే పైనుంచి ఒత్తిడి వస్తుంది, స్టాకిస్టును బతిమాలి సరుకు దింపుతారు. పట్టికలో పేరు పచ్చబడుతుంది. మూడు నాలుగు నెలలకు ఆ సరుకు ఎక్స్‌పైరీగా తిరిగొస్తుంది, పేరు మళ్లీ ఎర్రబడుతుంది. దింపమన్నది ఎవరో అప్పటికి ఎవరికీ గుర్తుండదు. దింపినవాడు మాత్రం దొరుకుతాడు.

షాపాయనకు రెప్‌ల మీద కోపం లేదు, బేరం తెలుసు. "నీ బ్రాండు మీద నాకు వందకు ఇరవై. జనరిక్ మీద ఇంకా చానా ఎక్కువ. డాక్టరు చీటీల నీ పేరు రాసినన్ని రోజులే నీతోని పని" అన్నాడు. ఒకే మందును డజన్ల కంపెనీలు డజన్ల పేర్లతో అమ్ముతాయి, డాక్టరు వాటిలో ఒక బ్రాండు పేరు రాస్తాడు కాబట్టే రెప్ ఉన్నాడు. డాక్టర్లు జనరిక్ పేరే రాయాలని జాతీయ వైద్య కమిషన్ 2023 ఆగస్టులో నిబంధన తెచ్చి, అదే నెలలో పక్కన పెట్టింది. ఆ నిబంధన మళ్లీ వస్తే మెట్ల దగ్గర నల్ల బ్యాగులు తగ్గుతాయి.

మధ్యాహ్నం రెండు. కరీంనగర్‌నుంచి కారులో మేనేజర్ దిగాడు. గుడి దగ్గరి మెస్సులో ముగ్గురం కూర్చున్నాం. పప్పు, బెండకాయ వేపుడు, పచ్చిపులుసు. మేనేజర్ చెడ్డవాడు కాదు, పన్నెండేళ్లు ఇవే రోడ్లు తిరిగి పైకొచ్చినవాడు. అన్నం సగమయ్యాక చెప్పాడు.

"రెండు డివిజన్లు కలుపుతున్నారు. కరీంనగర్‌లో ఇద్దరున్నచోట ఒక్కడే ఉంటాడు. లిస్టు పైనుంచి వచ్చింది, నా చేతిలో లేదు. నువ్వు రిజిగ్నేషన్ పెట్టేయ్. ఒక నెల జీతం, మంచి రిలీవింగ్ లెటర్ ఇప్పిస్తా. లేదంటే ట్రాన్స్‌ఫర్ వేస్తారు, కోరాపుట్టో బీదరో."

మనవాడి చెయ్యి పళ్లెంలో ఆగింది. "టార్గెట్ కాలేదనా సార్?"

"టార్గెట్ అయినవాళ్లూ ఉన్నారు లిస్టులో."

అదే నిజం. ఈ రంగంలో ఉద్యోగాలు పోయేది ఎక్కువగా రెప్ తప్పుతో కాదు. 2016 మార్చిలో కేంద్రం 344 మిశ్రమ మందులను ఒక్కసారిగా నిషేధించింది, 2024 ఆగస్టులో మరో 156. నిషేధం హేతుబద్ధమే కావచ్చు, ఆ బ్రాండ్ల మీదే నడిచిన డివిజన్ల రెప్‌లకు ఆ రోజుతో బ్యాగు ఖాళీ. 2022లో నోవార్టిస్ ఇండియా వోవెరాన్ వంటి తన పాత బ్రాండ్ల అమ్మకాన్ని డాక్టర్ రెడ్డీస్‌కు అప్పగించినప్పుడు దాదాపు 400 మంది ఉద్యోగాలు పోయాయి. మందు ఆగలేదు. డాక్టరు రాశాడు, షాపాయన అమ్మాడు, రోగి మింగాడు. అమ్మే మనిషి మాత్రం మారాడు.

చేతులు కడుక్కుంటూ మేనేజర్ ఇంకో మాటన్నాడు: "నా పోస్టు కూడా ఏప్రిల్ దాకానే అనుకుంటున్నా." అప్పుడు మనవాడే అతని వైపు జాలిగా చూశాడు.

మేనేజర్ కారు జగిత్యాల వైపు మళ్లింది. మనవాడు బండిని రాయపట్నం వైపు తిప్పాడు. గోదావరి వంతెన దాటితే మంచిర్యాల జిల్లా, పాత ఆదిలాబాదు. కంపెనీల పటంలోనూ అక్కడినుంచి వేరే టెరిటరీ. అవతల లక్షెట్టిపేట వైపు తిరిగే పెద్దాయన ఒకరు వంతెన మొదట్లో చెట్టుకింద బండి ఆపి ఉన్నారు. ముప్పై ఏళ్ల సర్వీసు, నాలుగు కంపెనీలు, యూనియన్ సభ్యత్వం. ఫోన్లో సంగతంతా ముందే విన్నారు.

"లెటర్ రాసినవా?"

"లేదన్నా. రేపు లింక్ పంపుతడట."

"రాయకు తమ్మీ. తీసేస్తమంటే కాయితం మీద తీసేయుమను. నువ్వు మాత్రం రాయకు."

ఎందుకో ఆయన వేళ్ల మీద లెక్క చెప్పారు. కనీసం ఏడాది ఎడతెగకుండా పనిచేసినవాణ్ని కంపెనీ తనంతట తాను తీసేస్తే, పూర్తయిన ఏడాదికి 15 రోజుల సగటు వేతనం చొప్పున పరిహారం ఇవ్వాలి. ఆరేళ్లకు 90 రోజులు, అంటే మూడు నెలలు. దానిపైన నెల నోటీసు, లేదా నెల జీతం. కొత్త కార్మిక కోడ్ ప్రకారం కొత్త పని నేర్చుకునే నిధి కింద ఇంకో 15 రోజుల వేతనం. అయిదేళ్లు దాటింది కాబట్టి గ్రాట్యుటీ ఎలాగూ ఉంది. రాజీనామా రాస్తే గ్రాట్యుటీ తప్ప మిగతావన్నీ పోతాయి. "నాలుగున్నర నెలల జీతం నీ హక్కు. గాయిన ఒక్క నెల ఇచ్చి, నీ సంతకంతోని మిగతాది మాఫీ చేపిచ్చుకుంటున్నడు."

ఈ హక్కు ఊరికే రాలేదు. మందుల ఫ్యాక్టరీ కార్మికుడికి గేటుంది, గేటు ముందు జెండా పాతే చోటుంది. రెప్‌కు గేటు లేదు, అతని ఫ్యాక్టరీ ఈ రోడ్డే. చట్టం కూడా అతన్ని చాలాకాలం కార్మికుడిగా చూడలేదు. రెప్‌ల సంఘాల పోరాటం తర్వాత, పార్లమెంటు పిటిషన్ల కమిటీ 1972లో చేసిన సిఫారసు మీద, 1976లో సేల్స్ ప్రమోషన్ ఉద్యోగుల చట్టం వచ్చింది. మొదట్లో జీతం పరిమితి పెట్టి చాలామందిని బయటే ఉంచారు, 1987లో ఆ గీత చెరిగింది. 1994లో సుప్రీంకోర్టు శాండోజ్ కేసులో పారిశ్రామిక వివాదాల చట్టం కింద రెప్ 'వర్క్‌మన్' కాడని తేల్చాక ఆ 1976 చట్టమే పెద్ద దిక్కయింది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌లలో ఆ చట్టం కలిసిపోయింది, కాకపోతే సేల్స్ ప్రమోషన్ ఉద్యోగి కార్మికుడేనని పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో నేరుగా రాసి ఉంది.

"మరి నా ఐడీ కార్డు మీద టెరిటరీ మేనేజర్ అని ఉంది గదన్నా? మేనేజర్లకు గీ చట్టం ఉండదంటరు."

"నీ కింద ఎవడన్న పనిచేస్తున్నడా? సెలవిచ్చే పవరుందా నీకు? లేదు. కార్డు మీద రాసింది కాదు, చేసే పనే లెక్క. నిజంగ లేనిది నీ సార్‌కు. ప్రమోషన్ తీస్కున్నడు, చట్టం నీడ పోగొట్టుకున్నడు."

పొద్దు వాలుతోంది. మనవాడు యాప్‌లో 'డే ఎండ్' నొక్కాడు. మేనేజర్ నంబరుకు ఒక మెసేజ్ టైపు చేశాడు: "సార్, నేను రాజీనామా చేయను. కంపెనీ ఏమన్నా చెప్పాలంటే లెటర్ ద్వారా చెప్పమనండి." పెద్దాయన చదివి తలూపారు. పంపించాడు.

చూశారు కదా. ధర్మపురిలో, జగిత్యాలలో, లక్షెట్టిపేటలో డిగ్రీ చేతపట్టుకుని ఈ బ్యాగు ఎత్తుకుందామా అని ఆలోచిస్తున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక మాట. ఈ రంగంలో పనికి కరువు లేదు, పోస్టుకే భరోసా లేదు. ఒక కంపెనీలో పదవీ విరమణ దాకా ఉంటానని రావద్దు. ఒక ఊరిలో డాక్టర్లు, షాపులవాళ్లు నమ్మే మనిషిగా ఉంటానని వస్తే, కంపెనీ మారినా బండి ఆగదు. చేరేరోజు అపాయింట్‌మెంట్ లెటర్ అడిగి తీసుకోండి, అది తప్పనిసరి. అందులో ఫిక్స్‌డ్ టర్మ్ అని ఉందేమో చూడండి. ఉంటే గడువు ముగిసినరోజు పరిహారం అడగలేరు, ఏడాది నిండితే గ్రాట్యుటీ మాత్రం అడగొచ్చు. అమ్ముడుపోని సరుకు దింపమన్న మెసేజ్‌లు చెరిపేయకండి. సంఘంలో సభ్యత్వం తీసుకోండి. చేతనైతే డీఫార్మసీయో ఎంబీఏయో చదవండి, మందుల షాపుకు ఫార్మసిస్టు కావాలి, ఆసుపత్రుల కొనుగోలు విభాగాలకూ మనుషులు కావాలి. ఎవరైనా భుజం మీద చెయ్యేసి రాజీనామా రాయమంటే, ముందు మీ సర్వీసు ఏళ్లను పదిహేనుతో హెచ్చవేసి చూసుకోండి. ఆ తర్వాతే కలం తీయాలా వద్దా ఆలోచించండి.